ఎనిమిది టచ్‌లు, ఏడు టచ్‌లు: మీ టీమ్‌కి సరిపోయే స్ట్రైకర్ ఎవరు?

2022 ఆగస్టు 13న బోర్న్‌మత్ మీద ఆడిన మ్యాచ్‌లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ సిటీ స్ట్రైకర్ (అంటే ముందు నిలబడి గోల్స్ కొట్టేవాడు) ఎర్లింగ్ హాలండ్, ఇంకో పావుగంట ఉందనగా బయటికొచ్చే లోపు బంతిని ముట్టుకున్నది 8 సార్లు. అదే ఏడాది ఫిబ్రవరి 19న క్రిస్టల్ ప్యాలెస్ మీద చెల్సీ స్ట్రైకర్ రొమేలు లుకాకు మొత్తం 90 నిమిషాలూ ఆడి ముట్టుకున్నది 7 సార్లు. రెండు మ్యాచ్‌ల్లోనూ వాళ్ళ టీమ్‌లే గెలిచాయి. కానీ లుకాకు సోషల్ మీడియాలో నవ్వులపాలయ్యాడు. హాలండ్‌కి అలాంటిదేమీ జరగలేదు, ఆ 8 టచ్‌లలోనే తోటి ఆటగాడు గుండోగన్ గోల్‌కి పాస్ కూడా ఇచ్చాడు. ఆ సీజన్ ముగిసేసరికి లీగ్‌లో 36 గోల్స్ కొట్టి ప్రీమియర్ లీగ్ రికార్డు రాశాడు. లుకాకు చెల్సీలో 2021-22 సీజన్‌కి లీగ్‌లో కొట్టినవి 8.

లుకాకు ఆట రానివాడు కాదు. అంతకు ముందు ఏడాదే ఇంటర్ మిలాన్‌కి లీగ్‌లో 24 గోల్స్ కొట్టి టైటిల్ తెచ్చిపెట్టాడు. కాళ్ళు అవే, బలం అదే. మారింది అతని వెనకున్న పదిమంది.

మా ఆదివారం టీమ్‌లో ప్రతి సీజన్ మొదట్లో ఒకటే గొడవ: ముందు ఎవరిని పెట్టాలి? పొడుగ్గా ఉన్నవాడినా, పరుగెత్తేవాడినా, షాట్ బాగా కొట్టేవాడినా? ప్రశ్న అక్కడ మొదలవడమే తప్పని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ముందు టీమ్‌ని మూడు విషయాలు అడగాలి. బంతి మనకి ఎక్కువగా ఎక్కడ దొరుకుతోంది, మన గోల్ దగ్గరా, వాళ్ళ గోల్ దగ్గరా? అక్కడి నుంచి పెనాల్టీ బాక్స్ దాకా ఏ దారిలో వెళ్తోంది, గాల్లోనా, నేల మీదా, పక్కల నుంచా, మధ్యలోంచా? స్ట్రైకర్ కాకుండా గోల్ కొట్టగలిగిన వాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారు? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగితే స్ట్రైకర్ పేరు సగం తేలినట్టే.

వీపు చూపించే స్ట్రైకర్

టార్గెట్ మ్యాన్ అంటే మన దగ్గర చాలామందికి పొడుగాటి మనిషి, హెడర్లు, అంతే. అతని అసలు పని వేరు. గోల్‌కి వీపు పెట్టి, వెనక డిఫెండర్ తోస్తున్నా కదలకుండా నిలబడి, వచ్చిన బంతిని ఒకటి రెండు సెకన్లు తన దగ్గర ఆపుకోవడం. ఆ రెండు సెకన్లలో మిగతావాళ్ళు పైకి చేరిపోతారు.

దీనికి 2018 వరల్డ్ కప్‌లో ఫ్రాన్స్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆస్ట్రేలియాతో మొదటి మ్యాచ్‌కి కోచ్ దిదియే దేశాం ముందు ముగ్గురు చురుకైన కుర్రాళ్ళని పెట్టాడు: గ్రీజ్‌మన్, ఎంబాపే, డెంబెలే. కాగితం మీద చూస్తే నోరూరే కాంబినేషన్. గ్రౌండ్‌లో మాత్రం బంతి ముందుకి వెళ్ళడం, వెంటనే తిరిగి రావడం. పట్టుకుని నిలబెట్టే మనిషి లేడు. చివర్లో ఒలివియే జిరూ దిగాడు. పోగ్బా అతనికి బంతి ఇచ్చి, తిరిగి అందుకుని కొట్టింది డిఫెండర్‌కి తగిలి గోల్‌లో పడింది. 2-1. పెరూతో తర్వాతి మ్యాచ్ నుంచి జిరూ మొదటి నుంచీ ఆడాడు. ఆ మ్యాచ్‌లో జిరూ కొట్టిన షాట్ డిఫెండర్‌కి తగిలి పైకి లేస్తే ఎంబాపే వచ్చి లోపలికి నెట్టాడు. అర్జెంటీనా మీద 4-3తో గెలిచిన మ్యాచ్‌లో ఎంబాపే రెండో గోల్ రికార్డింగ్ దొరికితే ఒకసారి మళ్ళీ చూడండి. కుడివైపు ఎంబాపే దూసుకొస్తుంటే అతని పరుగు ఆగకుండా, సరిగ్గా కాలికి అందేలా బంతి పెట్టింది జిరూయే. అందరి కళ్ళూ ఎంబాపే మీద ఉంటాయి కాబట్టి ఆ పాస్ ఎవరికీ గుర్తుండదు.

ఫ్రాన్స్ కప్పు గెలిచింది. టోర్నమెంట్ మొత్తంలో జిరూ కొట్టిన గోల్స్ సున్నా. గోల్‌పోస్టుల మధ్యకి వెళ్ళిన షాట్ కూడా ఒక్కటీ లేదు. గ్రీజ్‌మన్‌కి నాలుగు, ఎంబాపేకి నాలుగు. 1998లో ఫ్రాన్స్ కప్పు గెలిచినప్పుడు కూడా వాళ్ళ స్ట్రైకర్ గీవార్ష్ ఖాతాలో ఒక్క గోల్ లేదు. జిరూకి గోల్స్ కొట్టడం రాదనుకునేరు, తర్వాత ఫ్రాన్స్ తరఫున ఆల్‌టైమ్ టాప్ స్కోరర్ అయి 57 గోల్స్‌తో రిటైరయ్యాడు.

అయితే ఇలాంటి స్ట్రైకర్ అందరికీ పనికిరాడు. పక్కన వేగంగా పరుగెత్తే ఇద్దరు గోల్ కొట్టేవాళ్ళు ఉంటేనే అతను బంతి ఆపినందుకు ఫలితం. వాళ్ళు లేకపోతే అతను నిలబెట్టిన బంతిని మళ్ళీ వెనక్కే ఇవ్వాలి. జిరూ ఉన్నాడు సరే, మీ ఎంబాపే ఎవరు?

వెనక ఖాళీలోకి పరుగెత్తేవాడు

2015 నవంబర్ 28, లీస్టర్ మీద మాంచెస్టర్ యునైటెడ్‌కి కార్నర్. లీస్టర్ కీపర్ ష్మైకల్ బంతి పట్టుకుని, ఆలస్యం చేయకుండా ఫుక్స్‌కి విసిరాడు. ఫుక్స్ ఎడమవైపు ఆడే డిఫెండర్, అయినా కుడివైపు ఖాళీ కనబడి అటు పరుగు తీశాడు. మిగతా యునైటెడ్ వాళ్ళు కార్నర్ కోసం పైకొచ్చి ఉన్నారు. ఫుక్స్ బంతి తోసేలోపే జేమీ వార్డీ డిఫెండర్ల వెనక్కి అడ్డంగా కోసుకుంటూ వెళ్ళిపోయాడు. ఒక టచ్, ఒక షాట్, గోల్. వరుసగా 11 లీగ్ మ్యాచ్‌ల్లో గోల్ కొట్టిన మొదటి ప్రీమియర్ లీగ్ ఆటగాడయ్యాడు. ఆ సీజన్‌లో 24 గోల్స్, లీస్టర్‌కి టైటిల్.

ఆ లీస్టర్ బంతిని దగ్గర పెట్టుకునే టీమ్ కాదు. వెనక్కి జరిగి కాచుకుంటారు, కాంటే బంతి లాక్కుంటాడు, మహ్రెజ్‌కో డ్రింక్‌వాటర్‌కో ఇస్తాడు, వాళ్ళు తల ఎత్తేసరికి వార్డీ పరుగులో ఉంటాడు. బంతి మీకు మీ గోల్ దగ్గరే దొరుకుతుంటే, అవతలి డిఫెన్స్ పైకొచ్చి ఆడుతుంటే, ఇంతకంటే చవకైన ఆయుధం లేదు. మంచి పాస్ ఇచ్చేవాడు ఒక్కడుంటే చాలు.

చిక్కల్లా మీరు గెలవడం మొదలుపెట్టాక వస్తుంది. అవతలివాళ్ళు భయపడి తమ బాక్స్‌లోనే పది మందిని కూర్చోబెడితే పరుగెత్తడానికి చోటేదీ? మరుసటి ఏడాది కాంటే చెల్సీకి వెళ్ళిపోయాడు, ప్రత్యర్థులూ తెలివిమీరారు. వార్డీ లీగ్ గోల్స్ 24 నుంచి 13కి పడ్డాయి, లీస్టర్ 12వ స్థానంలో తేలింది. మీ ఊళ్ళో మీరే బలమైన టీమ్ అయితే, ఎదుటివాళ్ళందరూ మీ మీద బస్సు అడ్డం పెట్టినట్టు ఆడుతుంటే, పరుగుల వీరుణ్ణి ముందు పెట్టి లాభం లేదు. పాపం, పరుగెత్తి పరుగెత్తి ఆఫ్‌సైడ్ (పాస్ ఇచ్చే క్షణానికే డిఫెండర్లని దాటి ఉండటం) జెండాలే లెక్కపెట్టుకుంటాడు.

బాక్స్‌లో మాత్రమే కనబడేవాడు

మన క్రికెట్ భాషలో చెప్పాలంటే వీడు ఫినిషర్. ఆటలో ఉన్నాడో లేడో తెలియదు, స్కోర్‌బోర్డులో పేరుంటుంది. ఇటలీ ఆటగాడు ఫిలిప్పో ఇన్జాగీది ఇదే జాతి. 2007 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో లివర్‌పూల్ మీద మిలాన్ 2-1తో గెలిస్తే ఆ రెండూ అతనివే. మొదటిది పిర్లో ఫ్రీ కిక్ అతని ఒంటికి తగిలి దారి మారి లోపలికి పోయింది. అదృష్టం అనుకోవచ్చు. ఇలాంటి అదృష్టం పదేళ్ళ పాటు ఒకే మనిషికి పట్టిందంటే, అతను నిలబడే చోటులో ఏదో ఉందని నేను నమ్ముతాను.

హాలండ్ ఈ జాతికే కొత్త రూపం: దానికి ఎత్తు, వేగం, బలం తోడయ్యాయి. ఇక్కడే ఒక విచిత్రమైన లెక్క ఉంది. హాలండ్ రాకముందు, 2021-22లో సిటీ సరైన స్ట్రైకర్ లేకుండానే లీగ్ గెలిచింది: 93 పాయింట్లు, 99 గోల్స్. లీగ్‌లో వాళ్ళ టాప్ స్కోరర్ మిడ్‌ఫీల్డర్ డి బ్రయినే, 15 గోల్స్. హాలండ్ వచ్చి ఒక్కడే 36 కొట్టిన 2022-23లో సిటీ పాయింట్లు 89, గోల్స్ 94. ఒక మనిషి 36 కొట్టినా టీమ్ మొత్తం ఐదు తగ్గింది. ముందు పదిమంది పంచుకున్న గోల్స్ ఇప్పుడు ఒకడి దగ్గర పోగయ్యాయి.

మరి తీసుకోవడం దండగేనా? కాదు. అదే ఏడాది సిటీ లీగ్, ఎఫ్ఏ కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిచింది. అంతకు రెండేళ్ళ ముందు స్ట్రైకర్ లేకుండా ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడి చెల్సీ చేతిలో 0-1తో ఓడింది. పెద్ద మ్యాచ్‌లో అవకాశాలు రెండే వస్తాయి, అప్పుడు ఎదుటి ఇద్దరు సెంటర్ బ్యాకులనీ (మధ్యలో కాచే డిఫెండర్లనీ) భయపెట్టి ఒకే చోట కట్టిపడేసేవాడు ఉంటే మిగతావాళ్ళకి గాలాడుతుంది. నాకు ఇది చాలా నిజమనిపిస్తుంది, కానీ అంకెల్లో చూపించమంటే చూపించలేను.

కాబట్టి ఫినిషర్‌ని పెట్టుకునే ముందు చూడాల్సింది ఒకటే: బాక్స్ లోపలికి బంతి మీ టీమ్ ఎన్నిసార్లు పంపగలదు? సిటీలా పదే పదే పంపగలిగితే 8 టచ్‌ల స్ట్రైకర్ బంగారం. మ్యాచ్‌కి మూడుసార్లు పంపే టీమ్‌కి అతను ఉన్నా పదిమందితో ఆడినట్టే.

స్ట్రైకర్ కాని స్ట్రైకర్

2009 మే 2న రియల్ మాడ్రిడ్ సొంత గ్రౌండ్‌లో బార్సిలోనా 6-2తో గెలిచిన రోజు, కోచ్ గ్వార్డియోలా స్ట్రైకర్ ఎటో'ఓని కుడి పక్కకి జరిపి మెస్సీని మధ్యలో పెట్టాడు. మెస్సీ అక్కడ నిలబడలేదు, మిడ్‌ఫీల్డ్ వైపు దిగిపోయాడు. మాడ్రిడ్ సెంటర్ బ్యాకులు కన్నవారో, మెట్సెల్డర్‌లకి ఎటూ తోచలేదు. వెంట వెళ్తే వెనక ఖాళీ, వెళ్ళకపోతే మెస్సీ తీరిగ్గా తల ఎత్తి చూస్తాడు. బార్సా మొదటి గోల్ అలాగే పుట్టింది: మెస్సీ కిందికి దిగి బంతిని డిఫెన్స్ మీదుగా లేపితే, ఎడమ నుంచి డిఫెండర్ల వెనక్కి పరుగెత్తిన ఆన్రీ లోపలికి కొట్టాడు. దీన్నే ఫాల్స్ నైన్ అంటారు. కొత్తదేం కాదు, 1953లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ని 6-3తో ఓడించిన హంగరీ తరఫున హిడెగ్‌కూటీ ఇలాగే ఆడి మూడు గోల్స్ కొట్టాడు.

యూట్యూబ్ చూసి ప్రతి కాలేజీ టీమూ ఒకసారి ఇది ప్రయత్నిస్తుంది. మేమూ చేశాం. మా ఫాల్స్ నైన్ చక్కగా కిందికి దిగాడు, బంతి అందుకున్నాడు, తల ఎత్తాడు. ముందు మనవాడు ఒక్కడూ లేడు! నలుగురం కిందే నిలబడి అతన్నే చూస్తున్నాం. ఈ పద్ధతిలో కిందికి దిగేవాడికంటే డిఫెండర్ల వెనక్కి పరుగెత్తే వింగర్లు (పక్కల ఆడేవాళ్ళు) ముఖ్యం. ఆన్రీ లేకపోతే మెస్సీ పాస్ గోల్‌కీపర్‌కి బహుమతి.

లివర్‌పూల్ ఫిర్మినోది దీనికి దగ్గరి వరసే, ఎదుటివాళ్ళని ప్రెస్ చేయడం (బంతి ఉన్నవాడి మీదకి వెంటనే దూసుకెళ్ళడం) అదనం. 2019-20లో లివర్‌పూల్ లీగ్ గెలిచినప్పుడు ఫిర్మినో కొట్టింది 9 గోల్స్. సొంత గ్రౌండ్‌లో కొట్టిన ఒకే ఒక్కటి ఆఖరి హోమ్ మ్యాచ్‌లో వచ్చింది. పక్కల ఆడే సలాకి 19, మానేకి 18. స్ట్రైకర్ గోల్స్ కొట్టట్లేదని గోల పెట్టేవాళ్ళకి నేను ఈ అంకెలే చూపిస్తాను.

స్పెయిన్ 2012 యూరో కప్ ఫైనల్లో ఫాబ్రెగాస్‌ని ఇలా ఆడించి ఇటలీని 4-0తో చిత్తుచేసింది. తమాషా ఏమిటంటే టోర్నీ గోల్డెన్ బూట్ (టాప్ స్కోరర్ బహుమతి) మాత్రం స్పెయిన్ అసలు స్ట్రైకర్ టోరెస్‌కి దక్కింది. ఐర్లండ్ మీద రెండు, ఫైనల్లో ఆలస్యంగా దిగి ఒకటి. ప్రత్యర్థిని బట్టి రెండు రకాలూ వాడుకున్నారన్నమాట. బెంచ్ మీద వేరే రకం స్ట్రైకర్ ఒకడుండటం ఎందుకు మంచిదో అందుకే చెప్తుంటాను.

అంగట్లో చేసే తప్పు

అదే టోరెస్ ఇంకో పాఠం. లివర్‌పూల్‌లో జెరార్డ్ పాసుల వెనక పరుగెడుతూ 102 లీగ్ మ్యాచ్‌ల్లో 65 గోల్స్. 2011 జనవరిలో చెల్సీ 5 కోట్ల పౌండ్లు పోసి కొంది, అప్పటికి బ్రిటన్‌లో అదే రికార్డు. చెల్సీకి 110 లీగ్ మ్యాచ్‌ల్లో 20 గోల్స్. మోకాలి ఆపరేషన్ తర్వాత వేగం కొంత తగ్గిందన్నది నిజమే. కానీ చెల్సీ మీద ఆడేవాళ్ళు వెనక్కి జరిగి కూర్చునేవాళ్ళు, టోరెస్‌కి కావలసిన ఖాళీ అక్కడ లేదు. లుకాకు కథా అంతే. ఇంటర్‌లో పక్కన లౌటారో మార్టినెజ్ తోడు, ముందు బోలెడు ఖాళీ. చెల్సీలో తోడూ లేదు, ఖాళీ కూడా లేదు. పోయిన సీజన్ గోల్స్ చూసి స్ట్రైకర్‌ని ఎంచుకోవడమంటే, పక్కింటి పొలంలో బాగా పండిందని నేల చూడకుండా అదే విత్తనం తెచ్చి చల్లడం లాంటిది.

మన దగ్గర

ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైంది. 2024-25 దాకా 11 సీజన్లలో గోల్డెన్ బూట్ ఒక్క భారతీయుడికీ రాలేదు. క్లబ్బులు నంబర్ 9 కుర్చీని, అంటే స్ట్రైకర్ స్థానాన్ని, విదేశీయులకి రిజర్వ్ చేసి పెడుతున్నాయి. క్లబ్ వైపు నుంచి చూస్తే అది తెలివైన పనే. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో కప్పు గెలిచినప్పుడు 37 ఏళ్ళ నైజీరియా ఆటగాడు ఒగ్‌బెచే 18 గోల్స్ కొట్టాడు. ఆ వయసులో అతను పరుగు పందేలు పెట్టుకోలేదు, బాక్స్‌లో నిలబడాల్సిన చోట నిలబడ్డాడు, బంతి అందించే పని కుర్రాళ్ళు చూసుకున్నారు. ఇది కూడా టీమ్‌ని బట్టి ఎంచుకున్న స్ట్రైకరే.

నష్టం జాతీయ జట్టుకి. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రీ 2024 జూన్‌లో కువైట్ మ్యాచ్‌తో 94 గోల్స్ దగ్గర వీడ్కోలు చెప్పాడు. ఆ ఏడాది భారత్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. 2025 మార్చిలో 40 ఏళ్ళ ఛెత్రీని మళ్ళీ పిలిస్తే, మాల్దీవుల మీద హెడర్‌తో గోల్ కొట్టి చూపించాడు. అతని ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు! హెడర్‌కి ఎత్తుకంటే టైమింగ్ ముఖ్యమని ఎవరికైనా చెప్పాలంటే ఆ ఒక్క గోల్ చాలు.

స్ట్రైకర్ దొరకకపోతే ఏం చేయాలో మన హైదరాబాద్ మాస్టారు ఎప్పుడో చూపించారు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ అతన్ని కూర్చోబెట్టకుండా సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. రెండిట్లోనూ గోల్ కొట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1, బంగారు పతకం. పక్కన పీకే బెనర్జీ, చునీ గోస్వామి, మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఉన్నప్పుడు ముందు కావలసింది ఇంకో నైపుణ్యం కాదు, డిఫెండర్లతో ఢీకొనే ఒళ్ళు. రహీమ్ సాబ్ లెక్క అదే అయ్యుంటుందని నా ఊహ.

మీ ఆదివారం టీమ్‌కి

ఏడుగురితో టర్ఫ్ మీద ఆడేవాళ్ళకి ఒక మాట. చాలా చోట్ల అక్కడ ఆఫ్‌సైడ్ ఉండదు, గ్రౌండ్ చిన్నది, వెనక పరుగెత్తే ఖాళీ ఉండదు. కాబట్టి వార్డీ తరహా అక్కడ వృథా. ఫుట్‌సాల్‌లో పివట్ అంటారే, గోల్‌కి వీపు పెట్టి బంతి ఆపి పక్కకి ఇచ్చేవాడు, అతనే కావాలి. పెద్ద గ్రౌండ్‌లో పదకొండు మంది అయితే, మన స్థాయిలో మిడ్‌ఫీల్డ్‌లో వరసగా నాలుగు పాసులు నిలబడటమే కష్టం. బంతి ఎక్కువగా గాల్లోనే పైకి వెళ్తుంది. అప్పుడు ఆ బంతిని దించి కాపాడేవాడు ఒకడు, వాడి చుట్టూ పరుగెత్తేవాడు ఇంకొకడు, ఇద్దర్నీ ముందు పెట్టండి. ఒకే స్ట్రైకర్‌తో ఆడాలన్న పట్టుదల టీవీ చూసి వచ్చింది, మన గ్రౌండ్ చూసి కాదు.

ఎవరిని ఎంచుకోవాలో తేలకపోతే ఒక సాయంత్రం ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఇలా చేయండి. అరగంట పొడుగువాణ్ణి, అరగంట వేగం ఉన్నవాణ్ణి ముందు పెట్టి, మిగతా టీమ్‌ని మార్చకండి. పక్కన ఒకరు కాగితం పట్టుకుని కూర్చోవాలి. స్ట్రైకర్ గోల్స్ రాయకండి. స్ట్రైకర్‌కి బంతి వెళ్ళిన ప్రతిసారీ తర్వాతి టచ్ మనదా, వాళ్ళదా, అదొక్కటే గీతలు పెట్టండి.

మేం పోయిన ఏడాది ఇలాగే చేశాం. మాకు వేగం ఉన్న కుర్రాడు ఒకడున్నాడు, గోల్స్ వాడే ఎక్కువ కొట్టేవాడు. "అన్నా, నన్నే ముందు పెట్టాలి, ఇంకా ఆలోచన దేనికి?" అన్నాడు. కాగితం మీద చూస్తే వాడికి వెళ్ళిన బంతుల్లో మూడొంతులు ఎదుటివాళ్ళకే పోతున్నాయి. పొడుగువాడి దగ్గర సగానికి పైగా మన దగ్గరే ఉంటున్నాయి. పొడుగువాణ్ణి మధ్యలో పెట్టి, వీణ్ణి కుడి పక్కకి జరిపాం. మొదటి రెండు మ్యాచ్‌లు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో మ్యాచ్‌లో పొడుగువాడు ఛాతీతో దించిన బంతిని అందుకుని రెండు గోల్స్ కొట్టాక, చాయ్ దగ్గర వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు పొడుగువాడు అడుగుతున్నాడు, నేనెప్పుడు గోల్ కొట్టాలి అన్నా అని.